గుమ్మినిండా అరవైలు

తుంగలగూడలో ఆ రోజుల్లో ఆడవాళ్లు కొప్పులో పువ్వు పెట్టుకోవడం మరిచినా గింజపుల్ల గుచ్చుకోవడం మాత్రం మరిచేవాళ్లు కాదు. ఇది రెండు వేల డెబ్బై ఒకటో సంవత్సరం మాట. పుల్ల అంటే జానెడు పొడవు, మగ్గం కండె అంత లావు, కొసన చిటికెన గోరంత నల్లటి బిళ్ల. దేని మీదైనా చూపిస్తే చాలు, లోపల ఏముందో సన్నటి గొంతుతో చెప్పేది. అంగట్లో మూతి కుట్టిన సంచి మీద చూపిస్తే పప్పు పాతదో కొత్తదో చెప్పేది. పసుపు పొట్లం విప్పకుండానే అందులో పిండి కలిపారా లేదా చెప్పేది. కిష్టవ్వ ఇంట్లో అయితే కొత్తల్లుడి చొక్కా జేబులో పొగాకు ఉందని అందరి ముందూ చెప్పేసింది. ఆ అల్లుడు ఆరు నెలలు అత్తారింటి గడప తొక్కలేదు, అదొక పెద్ద కథ.

ఆ పుల్లను కనిపెట్టింది డాక్టర్ ఈదమ్మ. పాత పేర్లు మళ్లీ వాడుకలోకి వచ్చిన కాలం కదా, తర్వాతి తరాలవాళ్లు ఈదమ్మలూ కిష్టవ్వలూ అయితే, ఊళ్లో అవ్వల పేర్లేమో శిరీష, అనూష, ప్రవళిక. డాక్టర్ అంటే సూది మందు డాక్టర్ కాదు, హైదరాబాదులో పెద్ద ప్రయోగశాలలో అలల మీద పరిశోధన చేసే మనిషి.

ఆ అలల సంగతి కాస్త చెప్పుకోవాలి. వెలుతురులో మన కంటికి ఆనేది పిసరంతే. దానికి ఒక దిక్కున పొయ్యి సెగ, ఇంకా అవతల రేడియో అలలు. సెగకూ రేడియోకూ నడుమ సెకనుకు లక్ష కోట్ల సార్లు ఊగే అలలు ఉన్నాయి. వాటినే టెరాహెర్ట్జ్ అలలు అంటారు. ఎండిన గుడ్డ, కాగితం, చెక్క, పొట్టు, వీటన్నిటిలోంచి జల్లెడలో గాలి పోయినట్టు పోతాయి. తడి తగిలితే మాత్రం అక్కడే ఇంకిపోతాయి. దారిలో చక్కెర వాటిని ఒక తీరున మింగుతుంది, పిండి ఒక తీరున, నూనె ఇంకో తీరున. ఎంత మింగింది, ఎక్కడ మింగింది అని చూసి ఇది ఫలానా వస్తువని పోల్చుకోవడాన్ని వర్ణపట పరీక్ష అంటారు.

ఈ సంగతి చాలాకాలంగా అందరికీ తెలిసిందే. ఆ అలలను పట్టే కన్నుతోనే చిక్కు. మొదట్లో ఆ కన్ను బీరువా అంత ఉండేది, దాన్ని మంచుకన్నా చల్లగా ఉంచాలి, ఒక్కో దాని ఖరీదు ఒక ఊరి ఖరీదు. ఫోన్లలో ఉండే మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్ అంత వేగంగా మూసుకుని తెరుచుకోలేదు కాబట్టి అది ఇందుకు పనికిరాదని చాలామంది అనుకున్నారు. అయితే నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని చూడండి. అడుగు అడుగుకూ లోపల నీళ్లు ఊగుతాయి. ఎన్నిసార్లు ఊగాయో మనం లెక్కపెట్టలేం. కానీ ఆమె వీపు తడిసిందంటే నీళ్లు తొణికాయని తెలుస్తుంది. ట్రాన్సిస్టర్ లోని ఎలక్ట్రాన్లూ అంతే. అల తగిలితే లోపల తొణికి, ఒక కొసన రవ్వంత వోల్టేజి మిగులుస్తాయి. ఆ తడి మరకనే ఈదమ్మ పట్టుకుంది. అలాంటి ట్రాన్సిస్టర్లు పదివేలు ఒక్క గోరంత బిళ్ల మీద పరిచింది. అవి ఫోన్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలోనే తయారవుతాయి కనుక పుల్ల ధర గాజుల జత ధరకు దిగింది.

ఆమె దాన్ని చేసింది విత్తనాల కోసం. ఎండిన జొన్న కంకి మీద చూపిస్తే పొట్టు లోపల పిండి ఎంత, నూనె ఎంత, తడి ఎంత, మొలక ఎంత గట్టిది అన్నీ చూసి వందకు ఒక అంకె చెబుతుంది. అరవై, ఆపైన అయితే ఆకుపచ్చ దీపం. అరవైకి తగ్గితే ఎర్ర దీపం. మొదటిసారి పరీక్షించడానికి ఆమె ఎంచుకున్న ఊరు తుంగలగూడ. ఎందుకంటే ఆ ఊళ్లో గుమ్మి ఉంది.

గుమ్మి అంటే వెదురుతో అల్లి, పేడా మన్నూ పూసిన పెద్ద గాదె. తుంగలగూడ గుమ్మి ఊరందరిదీ. ఏటా కోతలు కాగానే పోయినేటి కంకులు వంటకు తీసేసి, డెబ్బై ఇళ్లలో ఒక్కో ఇల్లు నలభై కొత్త కంకులు అందులో వేయాలి. మంచి ఏడు విత్తనానికి దాని జోలికి ఎవరూ పోరు. ఎవరి ఇంటి విత్తనం వాళ్లు చల్లుకుంటారు. వాన మోసం చేసి మొదటి విత్తు మాడిపోయిన ఏడు మాత్రం గుమ్మి తెరుస్తారు. ఆ గుమ్మిని కాసేది ప్రవళికవ్వ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఏ ఏడు ఏ కార్తెలో ఎన్ని వానలు పడ్డాయో, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగి తినకుండా పోయారో అన్నీ ఆమె నాలుక మీదే ఉంటాయి.

కంకులు వేయడంలో ఒక పద్ధతి ఉండేది. ఇంటామె తన కళ్లంలో కుప్ప ముందు కూర్చుంటే పక్కింటామె వచ్చి కొంగుతో ఆమె కళ్లు కప్పేది. కుడిచేతికి మోచేతి దాకా మందపాటి గోనె గుడ్డ చుట్టేది. అప్పుడు ఆమె కుప్పలో చేయి పెట్టి ఒక్కొక్కటే నలభై తీయాలి. ఎందుకని అడిగితే, ఇచ్చేటప్పుడు చూస్తే నేలతల్లికి దిష్టి తగులుతుందనేవారు. ఈదమ్మ మొదటిసారి చూసినప్పుడు నవ్వుకుంది. గోనె గుడ్డ మాత్రం జొన్న నూగు దురదకు కాబోలు అనుకుంది. పుల్లలు వచ్చాక ఆ పద్ధతి దానంతట అదే పోయింది. పుల్ల ఉండగా కళ్లు మూసుకోవడం ఎందుకు? ప్రతి కంకినీ పుల్లకు చూపించి, ఆకుపచ్చ దీపం వెలిగిందే గుమ్మిలో వేయాలని పంచాయతీలో తీర్మానం చేసుకున్నారు.

తొమ్మిదేళ్లు వానలు బాగా పడ్డాయి. పదో ఏడు మృగశిరలో ఒక్క వాన పడి, ఊరంతా విత్తాక, ఇరవై మూడు రోజులు మబ్బు జాడ లేదు. మొలకలు మాడిపోయాయి. పునర్వసులో ఒక జల్లు పడగానే ప్రవళికవ్వ గుమ్మి తెరిచింది. ముందుగా గుమ్మి కాసేవాళ్లు తమ చేనులో ఒక చాలు వేసి చూడాలని ఆచారం. ఆమె నూరు గింజలు వేసింది. మొలిచినవి పద్దెనిమిది.

అవ్వ ఫోన్ చేస్తే ఈదమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చింది. పుష్యమి కార్తె సగం అయిపోయింది. ఆశ్లేష మొదటి పాదం దాటితే ఇక జొన్న వేసి లాభం లేదు. అంటే పది రోజుల్లో డెబ్బై ఇళ్లకు విత్తనం కావాలి. బయట కొందామంటే చుట్టూ నాలుగు జిల్లాల్లో అదే కరువు.

“రా బిడ్డా, ఎండల వడి వచ్చినవ్, జర మజ్జిగ తాగు,” అంది అవ్వ. “నీ పుల్ల నూటికి నూరు పచ్చ దీపాలే ఎలిగించింది. భూమేమో పద్దెనిమిదే ఎలిగించింది. ఎవల మాట నమ్మాలె నేను?”

“భూమి మాటే నమ్మాలి అవ్వా. పుల్ల పాడైందేమో చూస్తా.”

ఈదమ్మ అరుగు మీద కూర్చుని పుల్లను విప్పి చూసింది. తనతో తెచ్చిన సరికొత్త పుల్లతో పక్కపక్కన పోల్చింది. రెండూ ఒకటే చెప్పాయి. తర్వాత గుమ్మిలో దిగి చెమ్మ చూసింది. ఎముకలా పొడిగా ఉంది. పురుగు లేదు, బూజు లేదు. అవ్వ పేడ పూత ఎక్కడా బీట వారలేదు.

హైదరాబాదులో ఉన్న తోటి శాస్త్రవేత్త ఇక్బాల్ కు ఫోన్ చేసి తెర మీదికి పిలిచింది.

“ఏందమ్మా, నీ ట్రాన్సిస్టర్లు ముసలివైనయా?” అన్నాడతను. ఆమెను ఏడిపించకుండా మాట్లాడటం అతనికి చేతకాదు.

“కాలేదు సార్. మీరే వినండి.” ఆమె ఒక చేట నిండా కంకులు తీసుకుని పుల్ల కింద ఒక్కొక్కటే పెట్టింది.

“అరవై ఒకటి,” అంది పుల్ల. “అరవై. అరవై మూడు. అరవై. అరవై రెండు. అరవై ఒకటి.”

పాతిక కంకులయ్యాక ఇక్బాల్ ముఖంలో నవ్వు పోయింది. “ఆగాగు. ఇంకో మూల నుంచి తియ్యి.”

“అరవై. అరవై నాలుగు. అరవై ఒకటి.”

“ఈదమ్మా, ఒక ఊరి మనుషుల ఎత్తు కొలిస్తే అందరూ ఐదడుగుల ఒక్క అంగుళమే ఉంటరా? పొట్టోడు ఉంటడు, పొడుగోడు ఉంటడు. చేను గూడ అంతే. నలభైలుండాలె, డెబ్బైలుండాలె, తొంభైలుండాలె. ఇది చేను పండించిన కుప్ప కాదు. మనిషి ఏరిన కుప్ప.”

“నలభైలు రాకుండా మనమే గీత పెట్టాం సార్, అరవై అని.”

“కింది గీత మనది. పైన కోసిందెవరు?”

అరవై అంకె పెట్టినప్పుడు ఈదమ్మ ఆలోచించింది ఒక్కటే. అంతకు తక్కువైతే మొలవదు. అరవై గింజ మంచి వాన పడితే మొలుస్తుంది, వరుసగా రెండు వానలు పడితే నిలబడుతుంది. పైన పెచ్చుకట్టిన నేలను చీల్చుకుని, నీళ్లు లేని పదిహేను రోజులు బతకాలంటే ఎనభై ఐదు దాటాలి. కరువు కోసం దాచిన గుమ్మిలో కరువును తట్టుకునేది ఒక్కటి లేదు.

ఆ మధ్యాహ్నం గుమ్మి దగ్గరికి ఆడవాళ్లందరూ వచ్చారు. ఈదమ్మ సంగతి చెప్పి, ఎవరినీ తప్పు పట్టడం లేదని, అసలు ఏం జరిగిందో చెప్పమని అడిగింది. కిష్టవ్వ చేతిలో ఉన్న చేట కింద పెట్టింది.

“ఏం జరిగిందేంది మేడం? పచ్చ దీపం ఎలిగిందే ఏసినం. ఎర్రది ఒక్కటేసినమా? తొంభై కంకి సేతిలున్నప్పుడు, అరవై కంకీ అదే దీపం ఎలిగిస్తుంటే, ఏది ఇంట్ల పెట్టుకుంటవ్, ఏది గుమ్మిల ఏస్తవ్? నువ్వే చెప్పు.”

“అగో, గిదిట్లనే మాట్లాడుతది,” అంది వెనక నుంచి ఒక గొంతు. “మొగని జేబుల పొగాకు దొరికినప్పుడు గూడ గిట్లనే పంచాయతి పెట్టింది.”

“నా మొగడు గాదు, అల్లుడు! నువ్వేసినవా తొంభైలు? ఎయ్యి మల్ల, సూస్తం!”

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ ఎవరి ముఖం చూసుకోలేదు. డెబ్బై ఇళ్లలోనూ అదే జరిగిందని అప్పటికి అందరికీ అర్థమైంది. దొంగతనం లేదు, అబద్ధం లేదు, తీర్మానం దాటిందీ లేదు. పుల్ల లేని కాలంలో ఏ కంకిలో ఏముందో ఎవరికీ తెలియదు కనుక ఇచ్చేదీ ఉంచుకునేదీ ఒకే తీరుగా ఉండేవి. తెలిసిన మరునాటి నుంచి అవి వేరయ్యాయి.

“మరి ఆ తొంభైలు ఇప్పుడెక్కడున్నాయి?” అంది ఈదమ్మ.

సమాధానం అందరికీ తెలుసు. మృగశిరలో చల్లినవి మాడిపోయాయి. వచ్చే ఏటికని ప్రతి ఇంట్లో దూలానికి ఒక కట్ట వేలాడుతోంది. ఆ కట్టలో ఉన్నవన్నీ తొంభైలే. ఆ కట్ట మాట ఎత్తేసరికి ఒక్కొక్కరూ లేచి, పొయ్యి మీద పాలున్నాయనీ గేదె కట్టు తెంపుకుందనీ చెప్పి వెళ్లిపోయారు. ఆ కట్ట కూడా ఇచ్చేసి, ఈసారీ మొలవకపోతే? తప్పు పట్టడానికి లేదు.

గుమ్మి దగ్గర అవ్వ, ఈదమ్మ మిగిలారు. అవ్వ వక్క నమలడానికి తీరిగ్గా కూర్చుంది.

“మొన్నటి దాంక ఈ ఊరి ఆడోళ్లు మంచోళ్లు. గిప్పుడు చెడ్డోళ్లయింది లేదు బిడ్డా.”

“తెలుసు అవ్వా. అయినా అందరూ ఒకేసారి ఎట్లా నేర్చుకున్నారు? ఎవరైనా మొదలుపెట్టి ఉండాలి కదా.”

“ఉంటరు. మొదలు ఏరినామె నాకెర్కే.”

“ఎవరు?”

అవ్వ దవడకు వక్క సర్దుకుంది. “పదేండ్ల కింద, మాఘమాసం, బేస్తారం. గుమ్మి నిండుగున్నది. గప్పటికి కొంగు కప్పి ఏసిన కంకులే. పట్నం నుంచి ఒక పిల్ల వచ్చింది. పచ్చ చున్నీ, కాళ్లకు తెల్ల బూట్లు. కొత్త పుల్ల పట్టుకోని గీడ్నే, నువ్వు కూసున్న తాన్నే కూసున్నది. ఒక్కో కంకి తీసుడు, పుల్లకు సూపుడు. ‘తొంభై రెండు’ అంటే పక్కకు పెట్టుడు. ‘డెబ్బై’ అంటే మల్ల గుమ్మిల ఏసుడు. పొద్దు గుంకేదాంక నలభై ఏరింది. ‘పరిశోధనకు అవ్వా, మంచివి కావాలె’ అన్నది. తీస్కపో బిడ్డా అన్న. గుమ్మి సుట్టూ ఊరి ఆడోళ్లందరు నిలబడి సూసిండ్రు.”

ఆ చున్నీ ఈదమ్మకు ఇంకా గుర్తుంది, అది తనదే. ఆ ఏడే కాదు, తర్వాత ఎనిమిదేళ్లూ కోతలు కాగానే వచ్చి ఊరి కళ్లాల్లోంచి నలభై నలభై తీసుకుపోయింది. అన్నీ ప్రయోగశాలలో చల్లటి గదిలో రేకు డబ్బాల్లో ఉన్నాయి. డబ్బా మీద చీటీ కూడా తన చేతిరాతే: ‘తుంగలగూడ, మేలైనవి’.

“ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు అవ్వా?”

“నువ్వడగలే. పుల్లనడిగినవ్.”

ఆ సాయంత్రమే ఆమె హైదరాబాదు వెళ్లింది. మర్నాడు ఇక్బాల్ చల్లగది తలుపు తీసి పట్టుకున్నాడు. తొమ్మిది డబ్బాలు. ఊరికే చూద్దామని ఒక కంకి పుల్లకు చూపిస్తే “తొంభై నాలుగు” అంది.

“ఇవి పోతే మన పదేండ్ల పరిశోధన పోతది,” అన్నాడు ఇక్బాల్. గొంతులో ఎగతాళి లేదు.

“పరిశోధన ఫలితం నిన్న మధ్యాహ్నమే వచ్చేసింది సార్. ఇంకో పని ఉంది. కొత్త పుల్లలు ఒక్కో కంకికి అంకె చెప్పకూడదు. కుప్ప మొత్తానికి ఒక్క అంకె చెప్పాలి. అంతకు మించి చూడలేనట్టు చేద్దాం.”

“చూడగల కన్ను చేయడానికి మనకు పన్నెండేండ్లు పట్టింది.”

“చూడకుండా చేయడానికి ఎన్నాళ్లు పడుతుందో మరి.”

మూడో రోజు పొద్దున ఈదమ్మ గుమ్మి ముందు పెద్ద గోనె పరదా పరిచి తొమ్మిది డబ్బాలూ అందరి ఎదుటా గుమ్మరించింది. “మొదట ఏరింది నేనే,” అంది. “మీరు నన్ను చూసి నేర్చుకున్నారు.” ఆ కంకులన్నీ కలిపినా నాలుగెకరాలకు మించి రావు.

కిష్టవ్వ కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది. పోయిందిలే అనుకున్నారు. తిరిగి వచ్చేసరికి ఆమె చంకలో దూలం కట్ట ఉంది, మసి పట్టి నల్లగా. దాన్ని పరదా మీద వేసి, “నేనొక్కదాన్నే ఉంచుకోని, జొన్న చేన్ల మొక్కజొన్న లెక్క ఒంటిగ నిలబడాల్నా?” అంది విసురుగా. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇద్దరు. మధ్యాహ్నానికి డెబ్బైలో అరవై నాలుగు కట్టలు వచ్చాయి. రెండు సగం కట్టలు కూడా ఉన్నాయి. అవి ఎవరివో ప్రవళికవ్వ చూసింది. గుమ్మిలోని అరవైలనూ ఈ తొంభైలనూ చేటలతో కలియబెట్టి ఒకే కుప్ప చేయించింది. పడమట సన్నగా మబ్బు పడుతోంది.

పంపకం మొదలైంది. పదేళ్ల తర్వాత మళ్లీ కొంగులు కళ్ల మీదికి వచ్చాయి. కట్ట ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ అందరూ వరసలో కూర్చున్నారు. అవ్వ ఒక్కొక్కరి కొప్పులోంచి పుల్ల లాగి చేటలో వేస్తూ, “జర పండుకోనియ్యుండ్రి దీన్ని గూడ,” అంటోంది.

అందరిదీ అయ్యాక అవ్వ ఈదమ్మను పిలిచింది. “నీ పట్నం పరిశోధన బడికి గూడ ఒక పాలున్నది బిడ్డా. రా, కూసో.”

ఈదమ్మ కూర్చుంది. అవ్వ తన పాత నేత చీర కొంగుతో ఆమె కళ్లు కప్పింది. అందులో వక్క వాసన, పేడ వాసన. చీకట్లో ఈదమ్మ కుప్పలో చేయి పెట్టింది. ఒక కంకి తగిలింది. సన్నగా, తేలిగ్గా ఉంది. వేళ్లు దాన్ని వదిలేసి పక్కదాన్ని తడిమాయి. అదీ వదిలేశాయి. మూడోది లావుగా, బరువుగా, గింజ గింజా ఒరుసుకుంటూ ఉంది. వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్నాయి. తాను ఏరుతున్నానని ఆమెకు తెలియనే లేదు.

మణికట్టు మీద చిన్నగా ఒక దెబ్బ పడింది.

అవ్వ ఆ చేతిని బయటికి లాగి, మందపాటి గోనె గుడ్డ తీసుకుని వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా చుట్టసాగింది. చంటిపిల్ల చేతికి చుట్టినంత నిదానంగా చుట్టింది.

“ఇది నూగు దురదకు అనుకున్నా అవ్వా,” అంది ఈదమ్మ కొంగు లోపలి నుంచి.

“అందరు గట్లనే అనుకుంటరు, అనుకోనియ్యి,” అంది అవ్వ, ముడి బిగిస్తూ. “ఇగ తియ్యి బిడ్డా, వానొస్తది.”